అమ్మ తింటుంది

మా ఇంట్లోకి ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, వచ్చేది కాదు. తిరుపతిలో గుడి వెనక వీధుల్లో మాలాంటి వైష్ణవుల ఇళ్ళకు అదేమీ విశేషం కాదులెండి. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, దాని పేరు కూడా పలికేది కాదు. పలకాల్సి వస్తే "ఆ గడ్డ" అని మొహం పక్కకు తిప్పుకునేది. అట్లాంటి ఇంట్లో, అమ్మ పోయిన మర్నాటి నుంచి, మధ్యాహ్నం అందరి భోజనాలూ అయి ఆకులు తీసేశాక, వంటింట్లో పచ్చి ఎర్రగడ్డ వాసన రావడం మొదలైంది.

ఏదో అనుమానంగా వచ్చీ రాని వాసన కాదు. అప్పుడే రోటి మీద పెట్టి పిడికిలితో కొట్టి పగలదీస్తే ముక్కుకు ఘాటుగా తగులుతుందే, అది. అవ్వ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వంటిల్లంతా తిరిగింది.

"యాడనుంచి వస్తాందే ఈ కంపు? ఆ గోడవతల వాళ్ళదేనా?" అంది.

గోడవతల ఉండేది నగరి నుంచి వచ్చిన నేతవాళ్ళు. ఆ వారమంతా వాళ్ళింటికి తాళం. సొంతూర్లో పెళ్ళికి పోయారు. ఆ సంగతి అవ్వకూ తెలుసు. అందుకే ఆ మాట అని, తన మాటకు తనే భయపడి, వాకిట్లోకి వెళ్ళిపోయింది. నేను మాత్రం వంటింట్లోనే నిలబడ్డాను. ఆ వాసన ఎవరిదో ఆ ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. భయమేసింది, అయినా కదలబుద్ధి కాలేదు. అమ్మ పోయాక ఇంట్లో అమ్మది అనదగ్గది అదొక్కటే మిగిలినట్టనిపించింది.

ఈ కథ చెప్పాలంటే మా నాయన రేడియో నుంచి మొదలుపెట్టాలి.

మా నాయన స్కూల్లో సంస్కృతం అయివారు. సంసారానికి పనికొచ్చే తెలివి తక్కువ, పనికిరాని తెలివి బోలెడు. ఇది నా మాట కాదు, అవ్వ మాట. డెబ్బయ్యో దశకం చివర్లో, నేను ఇంటర్ చదివే రోజుల్లో, ఒక పాత వాల్వు రేడియో ఎవరో అమ్మేస్తుంటే కొని తెచ్చాడు. సిలోన్ పాటలు వింటాం కదా అని నేను సంబరపడ్డాను. ఆయన ముల్లు తిప్పీ తిప్పీ, బరబర గీకుళ్ళ మధ్య, ఎక్కడో సముద్రాల అవతల నుంచి ఇంగ్లీషులో స్పానిష్ పాఠం చెప్పే ఒకావిడ గొంతు పట్టుకున్నాడు. ఇంక అంతే. పొద్దున సంధ్యావందనం కాగానే రేడియో ముందు కూర్చోవడం, ఆమె చెప్పింది తిరిగి చెప్పడం.

"విను పాపా, ఎంత ముచ్చటగా ఉండాదో. మన ధాతువులే అనుకో. మాట మొదలు అట్లనే ఉంటాది, చేసేవాణ్ణి బట్టి తోక మారతాది," అని నన్నూ లాక్కుని కూర్చోబెట్టాడు.

మొట్టమొదట నేర్చుకున్నది తినడం. ఆ మాటకు మొదలు 'కోమ్'. నేను తింటాను అంటే కోమో. నువ్వు తింటావు అంటే కోమెస్. అతను తింటాడు అంటే కోమె. మేం తింటాం, కోమేమోస్. మీరు తింటారు, కోమేయిస్. వాళ్ళు తింటారు, కోమెన్. రేడియో ఆవిడ చెప్పిన వరస ఇది. నాయనకు ఈ వరస మింగుడుపడలేదు. సంస్కృతంలో ముందు చెప్పేది 'అతడు', తర్వాత 'నువ్వు', అందరికంటే కడపట 'నేను'. ఆయన అట్లా చదివాడు, అట్లానే పిల్లలకు వల్లె వేయించాడు.

"ఎవరన్నా తనతో మొదలుపెడతారా? మర్యాద తెలీని వరస," అని ఆ దేశాన్నంతా ఒక్క మాటతో తోసేసి, మొత్తం తలకిందులు చేశాడు. అంతటితో ఊరుకున్నాడా, మంత్రంలాగా రాగం కూడా పెట్టాడు. కోమె, కోమెన్. కోమెస్, కోమేయిస్. కోమో, కోమేమోస్. ఆయన నీళ్ళు పోసుకునేటప్పుడు అదే, నేను జడ వేసుకునేటప్పుడు అదే. వీధిలో పోయేవాళ్ళు ఏదో కొత్త స్తోత్రమనుకుని చెంపలు వేసుకున్నా ఆశ్చర్యం లేదు.

ఒకనాడు అమ్మ వంటింటి గడప మీద నిలబడి విని, "ఏందది తండ్రీ కూతురూ?" అంది.

నేను అర్థం చెప్పాను. ఆయన తింటాడు, వాళ్ళు తింటారు. నువ్వు తింటావు, మీరు తింటారు. కడపట నేను తింటాను.

అమ్మ నవ్వింది. "మనింట్లో వడ్డన వరసే గదా ఇది! దీనికి రేడియో ఎందుకు?"

నాయన కూడా నవ్వాడు. అది నవ్వాల్సిన మాట కాదని ఆ రోజు మా ఇద్దరికీ తట్టలేదు. అమ్మ వెళ్ళబోతూ మళ్ళీ ఆగింది.

"అయితే ఆమె తింటాది అనాలంటే?"

"దానికీ కోమెనే. ఆడా మగా తేడా లేదు," అన్నాడు నాయన.

"ఇద్దరికీ ఒకే మాటనా? బాగుండాదే ఆ దేశం," అని లోపలికి వెళ్ళిపోయింది.

నాయన ఆమె తినడం ఎప్పుడూ చూడలేదు. ఆయన తిని స్కూలుకు వెళ్ళాలి. అవ్వ తిని కునుకు తీయాలి. ఎవరైనా వస్తే వాళ్ళు తినాలి. అమ్మ తినే వేళకు ఇంట్లో మెలకువగా ఉండేది, మధ్యాహ్నానికే కాలేజీ అయిపోయి వచ్చే నేనొక్కదాన్నే. పెరటి గుమ్మంలో కూర్చుని, రాత్రి మిగిలిన అన్నంలో నీళ్ళూ మజ్జిగా పోసుకుని కలుపుకునేది. అంతలో గోడ మీద నుంచి నేతామె చెయ్యి కనబడేది.

"అయివారమ్మా, ఇదో," అని అరిటాకు ముక్కలో చుట్టిన ఎర్రగడ్డ అందించేది. ఆ చేతికి ఎప్పుడూ రంగు నూలు పోగులు అంటుకుని ఉండేవి.

అమ్మ దాన్ని రోటి మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేది. అన్నం ఒక ముద్ద, ఎర్రగడ్డ ఒక కొరుకు. కళ్ళు మూసుకుని తినేది. పండగ రోజు పాయసం వడ్డిస్తే కూడా ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. అమ్మ పుట్టింటివాళ్ళది వడమాలపేట దగ్గర పల్లె. మా తాతకు అక్కడ చిన్న గుడి అర్చకత్వం. చిన్నప్పుడు చేలల్లో ఆడుకుంటూ ఉంటే కలుపు తీసే ఆడవాళ్ళు సద్దిలోంచి ఇంత ముద్ద, ఇంత ఎర్రగడ్డ పెట్టేవాళ్ళట. ఆ రుచి నాలుక వదల్లేదు.

"మీ అవ్వకు తెలిస్తే నన్ను గడప తొక్కనియ్యదు. మీ నాయనకు తెలిస్తే నా చేత్తో ఇచ్చిన మంచినీళ్ళు గూడా తాగడు. ఎవరితో అనొద్దు పాపా," అని నా చెయ్యి తన తల మీద పెట్టుకుని ఒట్టు వేయించుకుంది. తినడం అయ్యాక నిమ్మాకులు నమిలేది, రోలు రెండుసార్లు కడిగేది.

ఇంతలో రేడియోలో తిండి వస్తువుల పాఠం వచ్చింది. అన్నానికి అర్రోస్, రొట్టెకు పాన్. ఆ వరసలోనే సెబోయా అని ఒకటి వచ్చింది. ఎర్రగడ్డ. నాయన చెయ్యి ఊపేసి, "అది మనకు పనికిరాదు, వదిలెయ్," అన్నాడు. నేను వదల్లేదు. మధ్యాహ్నం అమ్మకు చెప్పాను. అబ్బ, ఎంత నవ్విందని! కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, మళ్ళీ చెప్పు, మళ్ళీ చెప్పు అని అడిగింది.

"ఇంక అవ్వ ముందరే అనొచ్చు గదే దాన్ని!" అంది.

ఆ రోజు నుంచి ముద్ద ఎత్తినప్పుడల్లా "కోమో సెబోయా" అనేది. నేను ఎర్రగడ్డ తింటాను. తన వంతు కడపట వస్తుంది కాబట్టి ఆ వరసలో ఆమె నేర్చుకున్నది అదొక్క మాటే. నాకూ ఒక తునక పెట్టి, "మనిద్దరం తింటే ఏమనాలే?" అనేది. కోమేమోస్ అనేదాన్ని. అది మాత్రం ఆమె నోరు తిరగలేదు.

ఆ ఎండాకాలం అమ్మకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఆసుపత్రిలో చేర్చేటప్పటికి మనిషి సగమైపోయింది. బార్లీ నీళ్ళు తప్ప ఇంకేమీ ఇవ్వొద్దన్నారు. ఒక సాయంత్రం నాయన మందులకు వెళ్ళాడు. మంచం చుట్టూ అవ్వ, మా మేనమామ, నేను ఉన్నాం. అమ్మ కళ్ళు తెరిచి నన్నే చూస్తూ, చాలా మెల్లగా, "కోమో... సెబోయా," అంది.

"ఏందో మంత్రం పలకతాంది," అని అవ్వ గబగబా చేతులు జోడించింది. మేనమామ కూడా జోడించాడు.

నేను వంగి, "రేపు తెస్తానమ్మా," అని చెవిలో చెప్పాను. మర్నాడు నేతామె, ఊరికి పోతూ పోతూ, నా చేతిలో ఒక ఎర్రగడ్డ పెట్టింది. ఓణీ కొంగులో ముడి వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను. ఒక చిన్న పొర నాలుకకు తాకిస్తే చాలనుకున్నాను. నేను వెళ్ళేసరికి అమ్మకు స్పృహ లేదు. ఆ తర్వాత రాలేదు.

చుట్టాలందరికీ అవ్వ ఒకటే చెప్పింది: "నా కోడలు మంత్రం జపిస్తా పోయినాది. పుణ్యాత్మురాలు." వచ్చినవాళ్ళు అవునవునన్నారు. నవ్వాలో ఏడవాలో తెలీక నేను పెరట్లోకి పోయి రోటి దగ్గర కూర్చునేదాన్ని. మధ్యాహ్నమయ్యేసరికి ఆ వాసన వచ్చేది. అవ్వ సాంబ్రాణి వేసేది. సాంబ్రాణి పొగలోంచి కూడా వచ్చేది.

పదో నాడు అందరం స్వర్ణముఖి ఒడ్డుకు వెళ్ళాం. ఏట్లో నీళ్ళు లేవు, ఇసకే. చెలమ తవ్వి నీళ్ళు తీశారు. నేనొక్కదాన్నే సంతానం కాబట్టి కర్మ నాయనే చేశాడు. పిండాలు పెట్టి, అమ్మకు ఇష్టమైనవని ఇంటి నుంచి తెచ్చినవన్నీ ఆకులో వడ్డించారు. పులిహోర, మినపవడలు, సేమ్యా పాయసం. అందరూ దూరంగా జరిగి కాకి కోసం చూశారు. కాకి ముడితే పోయినవాళ్ళు తృప్తి పడినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందన్నట్టు. కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ పస్తే.

కాకులకు కరువేమీ లేదు. తుమ్మచెట్టు నిండా ఉన్నాయి. ఒక్కటీ దిగలేదు.

మేనమామ ముందుకు వచ్చి, "నీ బిడ్డను నా బిడ్డ మాదిరి సూసుకుంటామ్మా, నువ్వేం దిగులు పడొద్దు," అని చెట్టుకేసి చెప్పాడు. అవ్వ, "నేనేమన్నా అనుంటే మనసులో పెట్టుకోవద్దే తల్లీ," అని ఏడ్చింది. ఏడుపు నిజమే, కాదనను. ఒక కాకి దిగింది. ఆకు చుట్టూ నడిచింది. పులిహోర వైపు మెడ వంచి చూసింది, పాయసం వైపు చూసింది. తర్వాత తల ఎత్తి నా వైపు చూసింది. ఒట్టేసి చెబుతున్నాను, నా వైపే. ముక్కు పెట్టకుండానే ఎగిరిపోయింది.

ఎండ నడినెత్తికి వచ్చింది. ఇసక కాలుతోంది. పురోహితుడు, "దర్భతో కాకిని చేసి తాకిద్దామప్పా. శాస్త్రం ఒప్పుకుంటాది," అన్నాడు.

"వద్దు. గడ్డి కాకి తింటే ఆమె తిన్నట్టు ఎట్లయితాది? ఆమె తినాల," అన్నాడు నాయన.

"మరి ఆయమ్మకు ఇష్టమైనవే పెట్టినారా?"

నాయన ఆకు వైపు చూశాడు. పులిహోర ఆయనకిష్టం. వడలు అవ్వకిష్టం. పాయసం మేనమామకిష్టం. ఒక్కొక్కటీ చూసి, అందరి మొహాలూ చూసి, తడిబట్టతో నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మీ అమ్మకు ఏం ఇష్టం పాపా? నాకు తెలీదు. ఇన్నేండ్లు కాపురం చేసినా, నాకు తెలీదే."

నాకు తెలుసు. కానీ ఒట్టు. తల మీద చెయ్యి వేసిన ఒట్టు. చెప్పకపోతే అమ్మ ఆకలితో అట్లాగే తిరుగుతూ ఉంటుంది, మధ్యాహ్నం మధ్యాహ్నం వంటింట్లోకి వస్తూ ఉంటుంది. చెబితే మంత్రం జపించి పోయిన పుణ్యాత్మురాలు అవ్వ నోట్లో, చుట్టాల నోళ్ళల్లో ఏమవుతుందో నాకు తెలుసు. అప్పుడు తట్టింది. ఆ ఏటి ఒడ్డున నిలబడినవాళ్ళల్లో, ఆ రేడియో భాష అర్థమయ్యేది నాయనకూ నాకే.

"నాయనా," అన్నాను. "అమ్మ కోమె సెబోయా."

అవ్వ ఉలిక్కిపడి చేతులు జోడించింది. "అదే! ఆసుపత్రిలో పలికిన మంత్రం ఇదే!"

నాయన నన్నే చూస్తున్నాడు. ఆ మాటను పనికిరాదని వదిలేసింది ఆయనే. అయినా గుర్తుంది. ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. అవ్వ అన్నదీ అర్థమైంది. ఆసుపత్రి మంచం మీద ఆమె ఏమడిగిందో ఆయనకు అప్పుడు తెలిసింది. మొహం నల్లబడిపోయింది. కోప్పడతాడేమో అనుకున్నాను.

"కోమె?" అన్నాడు మెల్లగా.

"కోమె," అన్నాను.

ఆయన ఎవరికీ ఏమీ చెప్పకుండా ఒడ్డు ఎక్కి చేలవైపు నడిచాడు. నేను వెనకాలే పరుగెత్తాను. గట్టు మీద ఒక కూలామె సద్దిగిన్నె ముందు పెట్టుకుని తింటోంది. చేతిలో కొరికిన ఎర్రగడ్డ. నాయన ఆమె ముందు వంగి చెయ్యి చాచాడు. తడి పంచె, ఒంటి మీద జంధ్యం, నుదుట నామం. ఆమె బెదిరిపోయి లేచి నిలబడింది.

"అమ్మా, ఆ ఎర్రగడ్డలో రవ్వంత పెడతావా?"

"అయ్యో సామీ, ఇది ఎంగిలి. మీరు తింటారా దీన్ని?"

"నాకు కాదమ్మా. మా ఇంటామెకు. ఆకలితో ఉండాది."

ఆమె ఇంకేమీ అడగలేదు. కొంగు ముడిలోంచి ముట్టని ఎర్రగడ్డ ఇంకొకటి తీసి, గట్టు రాయి మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, ఆయన చేతిలో పెట్టింది. అచ్చం అమ్మ కొట్టినట్టే కొట్టింది. నేను మొహం తిప్పుకున్నాను.

నాయన పిడికిలి మూసుకుని తిరిగొచ్చి, ఆకు ముందు కూర్చుని, అందరికీ వీపు అడ్డం పెట్టి, పిండాన్ని రెండు చేతులతో మెత్తగా మళ్ళీ పిసికాడు. లేచి నాలుగడుగులు వెనక్కి వచ్చాడు. ఆ ముద్ద తుంపితే ఎట్లా ఉంటుందో, ఏ వాసన వస్తుందో ఆ గాలికి నాకు తెలిసిపోయింది. అవ్వ ముక్కు చిట్లించబోయి, ఎందుకో ఆగింది.

కాకి దిగింది. ఈసారి అటూ ఇటూ చూడలేదు. నేరుగా వచ్చి తిన్నది. దాని వెనక ఇంకొకటి, దాని వెనక గుంపు. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. మేనమామ కూలబడి ఏడ్చాడు. నాయన మాత్రం ఏడవలేదు. ఆమె తినడం మొదటిసారి చూస్తున్న మనిషిలా, రెప్ప వేయకుండా చూస్తూ, "కోమె," అన్నాడు.

"ఏం మంత్రంరా అది?" అని దారిలో అవ్వ అడిగింది.

"ఆకలి తీరేదానికి చదివేదమ్మా."

అవ్వ నమ్మింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, రోజూ అన్నం ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, భక్తిగా "సెబోయా" అని గాని ముద్ద ఎత్తేది కాదు. నేనూ నాయనా ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

ఆ రోజు నుంచి వంటింట్లో వాసన ఆగిపోయింది. ఆగాలనే కదా అంత చేసింది? కానీ ఆగినందుకు ఏడ్చినట్టు నేను అమ్మ పోయినందుకు కూడా ఏడవలేదు. మధ్యాహ్నం పెరటి గుమ్మంలో కూర్చుని, ఇంక రాదని తెలిసీ, గాలి పీల్చి పీల్చి చూసేదాన్ని.

కొన్నాళ్ళకు నాయన మళ్ళీ రేడియో పెట్టాడు. నేను పక్కన కూర్చున్నాను. ఆ ఆవిడ ఎప్పటిలాగే హుషారుగా, ఇన్నాళ్ళూ జరుగుతున్నది చెప్పడం నేర్చుకున్నాం, ఈ రోజు నుంచి జరిగిపోయింది చెప్పడం నేర్చుకుందాం, అంది. పాత మాటతోనే మొదలుపెట్టింది. ఆమె తిన్నది అనడానికి, కోమియో, అంది. తిరిగి చెప్పమని కాస్త ఆగింది.

నాయన నోరు తెరిచాడు. చెయ్యి చాపి రేడియో కట్టేశాడు.

"సాలు పాపా," అన్నాడు. "మనకు వచ్చింది సాలు."

ఆ రేడియో ముల్లు మళ్ళీ ఆ చోటికి పోలేదు. నాయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఆ భాషలో నాకు ఇప్పటికీ జరిగిపోయింది చెప్పడం రాదు. అమ్మ ఎర్రగడ్డ తినేది అని చెప్పలేను. అమ్మ ఎర్రగడ్డ తింటుంది అని మాత్రమే చెప్పగలను.